అంచు పని

బల్లలు పరిచేదాక మాకు పంచాయితీ లేదు.
వడ్డేపల్లి దిక్కు ఇంటెనుక
బోరు మోటారుకూ జామచెట్టుకూ నడుమ
పన్నెండడుగులు, తొమ్మిదడుగులు,
మోకాలెత్తు చెక్క గద్దె.
కింద నల్లరాతి కడీల ముక్కలు, మీద మద్ది బల్లలు.
బల్లకూ బల్లకూ సందు ఎంతంటే
రెండు పదిరూపాయల బిళ్లల మందం.
వడ్ల సదానందం బిళ్లల్ని నిలువుగ దూర్చి,
స్క్రూ బిగించి, గుంజి, పక్క సందుల దూర్చి
మూడొద్దులు ఆ ఇరవై రూపాయలతోనే నడిచిండు.

నాలుగోనాడు నడుం మీద చేతులేసుకొని
"గద్దె అయింది. ఇగ దీన్ని ఎట్ల చేద్దాం?" అన్నడు.
అయినదాన్ని మళ్ల చేసుడేందని
మా ఓదేలు జేబులకెళ్లి కాగితం తీసిండు.
కట్టె, స్క్రూలు, వార్నిష్, కూలి, గీత, మొత్తం.
గీత కింద ఏం లేదు.

నేను ఫోన్ల బొమ్మ చూపెట్టిన:
మెట్టు కాడ చిన్న కాకతీయ తోరణం.
సదానందం ఫోన్ ముట్టనే లేదు.
"ఈ ఊర్లె తోరణం ఎక్కని జాగ చూపెట్టు మేడం.
బస్టాపుకు తోరణం, ఫంక్షన్ హాలుకు తోరణం,
మొన్న కాజీపేటల కోళ్లఫారం గేటుకు
నా చేతులతోనే చేసిచ్చిన.
రాతి పని రాతికి ఇడిసిపెట్టు.
కట్టె మాట కట్టెకుంటది."

చౌరస్తాల షాపాయన
ఎండ తాగి రాత్రి ఎలిగే దీపాలమ్మజూసిండు.
ముట్టిచ్చి చూస్తే దవాఖాన వరండా లెక్కుంది.
తిరిగిచ్చినం.

"మీ తల్లిగారిల్లు ఏడ?" అన్నడు సదానందం, చాయ్ తాగుకుంట.
కొత్తవాడ.
"ఇంట్ల మగ్గమా?"
గుంతమగ్గం. నాయిన జంపఖానాలు నేసేటోడు.
ఇంకేం అడగలే. చెవి మీది పెన్సిల్ తీసిండు.

తెల్లారి నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి
గద్దె చుట్టూ జానెడు మేర కోసి పారేసి ఉంది.
అయిపోయిన పనిని అట్ల కోసినందుకు
ఓదేలు జామచెట్టు కింద నిలబడి
ఎవలికీ వినపడకుండ తిడుతున్నడు.

మూడోనాటికి ఆ ఖాళీల
ముదురెరుపు చండ్ర పట్టీ ఒకటి,
దాన్నానుకొని లేత పసుపు గుమ్మడిటేకు ఒకటి,
మూలకు రాంగనే ఒకదాని మీదొకటి ఎక్కి
మెట్లు మెట్లుగ దిగి
మళ్ల తిన్నగ పోతున్నయి.

ఆ మూల నాకెరుకే.
చీమనడక అనేటోడు నాయిన.
పోగులు లెక్కదప్పి
చిన్నప్పుడు నేను మొట్టికాయలు తిన్న మూల.
నువ్వేడ చూసినవ్ దీన్ని?
"నా పెండ్లికి కొన్న జంపఖానా.
నడుమంత చినిగి పీలికలయింది.
అంచు మిగిలింది."

వంగి లెక్కపెట్టిన. ఏడు మెట్లు, ఏడు, ఏడు,
జామచెట్టు దిక్కు మూల ఆరే.
వేలు పెట్టి చూపిచ్చిన.
"ఎరుకే" అన్నడు, బొగడకు నూనె రాసుకుంట.
"చండ్ర ముక్క తక్కువ పడ్డది.
ఆడ పూలకుండీ పెట్టు."

లెక్క కాగితంల గీత కింద
సదానందం తన చేతితో రాసిండు:
అంచు పని, నాలుగు వందలు.
ఓదేలు మూడే ఇచ్చిండు. నాలుగో మూల తప్పు గదా అన్నడు.
సదానందం నవ్వి, నోట్లు నొసటికి అద్దుకొని
బండి ఎక్కిండు.

మొగులు పట్టి మొదటి వాన కొట్టింది.
కట్టె ఉబ్బి రాత్రంత టకటకమన్నది.
ఆ రెండు బిళ్లలల్ల ఒకటి
ఏదో సందుల పడిపోయింది,
చీపురు తగిలినప్పుడల్ల కిందెక్కడో కదులుతది.
ఓదేలు చెప్పులతోటి గద్దెనెక్కితే
ఒక అంగ పెద్దగేసి
అంచు దాటి నడుమల దిగుతడు.
ఎందుకని అడిగితే, ఊకే, అంటడు.
పూలకుండీ ఇంకా కొనలే.
పొద్దుగూకంగ నేను కూసునేది ఆ మూలనే.